కార్నియా మార్పిడి తర్వాత ఏళ్ల తరబడి చూపు నిలబెట్టుకోవడం ఎలా?

కార్నియా అంటే కంటి నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పారదర్శక పొర. అది పాడైతే దాత కంటి నుంచి తీసింది వేస్తారు. కంటి ఆసుపత్రిలో కౌన్సెలింగ్ బల్ల దగ్గర కూర్చునే నన్ను ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్న ఒకటుంది. "కొత్తగా వేసింది ఎన్నేళ్లు పనిచేస్తుందమ్మా?" దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. కొందరికి ఇరవై ఏళ్లు దాటినా తేటగా ఉంటుంది. కొందరికి రెండో ఏడాదే తెల్లబడుతుంది. ఏ జబ్బు వల్ల మార్పిడి చేయాల్సి వచ్చిందన్న దాని మీద కొంత ఆధారపడి ఉంటుంది, అది మన చేతిలో లేదు. మిగతాది మాత్రం ఇంటికొచ్చాక మనం చేసే పనుల మీదే ఉంటుంది.

కర్నూలు, అనంతపురం, కడప వైపు వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆపరేషన్ హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, తిరుపతిలోనో చేయించుకుంటాం. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఇంట్లో ఒకరు కూలి పోగొట్టుకుని తోడు రావాలి. అందుకే కన్ను ఎర్రబడినా "సోమవారం పోదాంలే" అంటారు. నేను చూసినంతలో కార్నియాలు ఎక్కువగా పోయేది ఆ ఎర్రబడిన రోజుకూ డాక్టరు చూసిన రోజుకూ మధ్యనే. కింద రాసినవన్నీ ఆ మధ్య రోజుల్ని తగ్గించడానికే.

1. మీకు ఏం మార్చారో కాగితంలో చూసుకోండి

డిశ్చార్జి కాగితంలో "పీకే" అని ఉంటే కార్నియా మొత్తం మందం మార్చారని అర్థం. "డాల్క్" అంటే పై పొరలు మార్చి, మీ సొంత లోపలి పొరను అలాగే ఉంచారు. "డీసెక్" లేదా "డీమెక్" అంటే లోపలి సన్నటి పొర ఒక్కటే మార్చారు. ఇవి తెలిస్తే మీకు కుట్లు ఎన్ని ఉన్నాయి, చూపు ఎప్పటికి కుదురుకుంటుంది, భయపడాల్సింది దేనికి అన్నవి తెలుస్తాయి. పీకేలో చూపు స్థిరపడడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. డీమెక్‌లో చాలామందికి వారాల్లోనే తేటపడుతుంది. పక్కింటాయనకు నెలలో కనబడింది, మీకు ఆరు నెలలైనా మసకే ఉందంటే బెంబేలెత్తకండి. ఇద్దరి ఆపరేషన్లూ వేర్వేరు కావచ్చు.

లోపలి పొర సంగతి ఒక్కటి అర్థం చేసుకుంటే మిగతావన్నీ సులువు. కార్నియా మందం మధ్యలో అర మిల్లీమీటరు మాత్రమే. దాని వెనక ఒకే వరుసలో ఉండే కణాలు కార్నియాలోకి ఊరే నీటిని బోరు మోటారు మాదిరి ఎప్పటికప్పుడు తోడేస్తుంటాయి. అందుకే అది తేటగా ఉంటుంది. ఈ కణాలు పోతే మళ్లీ పుట్టవు. మామూలు పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు రెండున్నర వేలకు అటూ ఇటూ ఉంటాయి. ఐదు వందల దగ్గరికి పడిపోతే నీరు నిలిచి కార్నియా ఉబ్బి తెల్లబడుతుంది. దాత నుంచి వచ్చిన కణాలు ఏటా కొన్ని ఎలాగూ తగ్గుతాయి. ఒంటి రోగనిరోధక శక్తి దాన్ని పరాయిదిగా చూసి ఎదురుతిరిగితే, అంటే రిజెక్షన్ వస్తే, ఆ కొద్ది రోజుల్లోనే పెద్ద మొత్తంలో పోతాయి. ఈ కణాల్లో ఎన్నిటిని కాపాడుకుంటామన్నదే అసలు లెక్క.

జబ్బును బట్టి ఫలితం ఎలా మారుతుందో ఒక పాత లెక్క చెబుతుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 1997లో తమ రోగుల వివరాలు ప్రచురించారు. అన్ని జబ్బులూ కలిపి చూస్తే ఏడాదికి తేటగా మిగిలినవి 80 శాతం దగ్గర, ఐదేళ్లకు సగానికి కొంచెం తక్కువ. కెరటోకోనస్ అంటే కార్నియా ముందుకు మొనతేలే జబ్బు, దాని కోసం చేయించుకున్నవాళ్లలో మాత్రం ఐదేళ్లకు కూడా 95 శాతం వరకు నిలిచాయి. రెండోసారి మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఐదింట ఒకటే మిగిలింది. అప్పటికీ ఇప్పటికీ పద్ధతులు మారాయి, కాబట్టి ఆ అంకెలు చూసి దిగులు పడొద్దు. వరుస మాత్రం ఇప్పటికీ అదే. కెరటోకోనస్ వాళ్లది మంచి జాతకం. మానిపోయిన పాత పువ్వు మచ్చలది మధ్యరకం. పుండు ఆరకముందే అత్యవసరంగా మార్చినవి, సున్నమో యాసిడో పడిన కళ్లు, రెండోసారి చేసినవి కష్టం. మీది ఏ వరుసలో ఉందో డాక్టరును నేరుగా అడగండి. అడిగితే చెబుతారు, అడగకపోతే చాలాసార్లు చెప్పరు.

డిశ్చార్జి కాగితం, వేస్తున్న మందుల చీటీ, చివరిసారి చూసిన కంటి ప్రెజర్ అంకె, ఈ మూడింటినీ ఫోటో తీసి మీ ఫోన్లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్లోనూ పెట్టండి. రాత్రిపూట వేరే డాక్టరు చూడాల్సి వస్తే ముందు అడిగేవి ఇవే.

2. చుక్కల మందు వేసుకునే తీరు సరిచేసుకోండి

పత్తికొండ వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన చుక్కల సీసాను బొడ్లో చెక్కుకుని వచ్చారు. తీసి చూస్తే అడుగున తెల్లటి పిండి గట్టిగా పేరుకుని ఉంది, పైన నీళ్లు.

"ఊపి వేసుకుంటున్నారా పెద్దాయనా?"

"ఊపేదెందుకు పాపా, నీళ్ల మాదిరే పడతాది గదా!"

ఆయన చీటీలో రాసిన వేళలు ఒక్కటీ తప్పలేదు. కానీ కంట్లో పడింది పైనున్న నీళ్లే. మార్పిడి తర్వాత ఎక్కువగా రాసే ప్రెడ్నిసొలోన్ అసిటేట్, అంటే రిజెక్షన్ రాకుండా ఆపే స్టెరాయిడ్ మందు, పాలలా తెల్లగా ఉంటుంది, నిలవ ఉంచితే అడుగుకు దిగుతుంది. వేసే ముందు ప్రతిసారీ బాగా ఊపాలి.

చేతులు సబ్బుతో కడుక్కోండి. పడుకోండి, లేదా తల వెనక్కి వాల్చండి. కింది రెప్పను వేలితో కొంచెం కిందికి లాగితే చిన్న సంచిలాగా తెరుచుకుంటుంది, అందులో ఒక్క చుక్క చాలు. రెండు వేస్తే రెండోది చెంప మీదికి కారుతుంది. సీసా మూతి రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. తర్వాత కన్ను నెమ్మదిగా మూసి, ముక్కు పక్కన మూలను వేలితో రెండు నిమిషాలు ఒత్తిపట్టండి. గుడ్డు మీద మాత్రం ఒత్తొద్దు. రెండో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయండి, లేదంటే మొదటిది కొట్టుకుపోతుంది.

మూత తీసిన తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. నెల దాటితే మందు మిగిలినా పారేయాలి. మన ఎండల్లో సీసాను కిటికీలో, బండి డిక్కీలో పెట్టొద్దు. సీసాలో పావు వంతు ఉండగానే కొత్తది తెచ్చుకోండి. మెడికల్ షాపులో "అది లేదు, ఇదీ అట్లాంటిదే" అంటే పేరూ శాతమూ రెండూ చీటీతో కలుస్తున్నాయో లేదో చూడండి. స్టెరాయిడ్ చుక్కల్లో బలమైనవీ బలహీనమైనవీ ఉన్నాయి, మూత రంగు ఒకటైనంత మాత్రాన మందు ఒకటి కాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది, సొంతంగా మానొద్దు. చాలామందికి రోజుకు ఆరేడుసార్లతో మొదలై, నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ ఏడాదికి ఒక్క చుక్కకు వస్తుంది. ఆ ఒక్క చుక్కను కొందరికి ఏళ్ల తరబడి కొనసాగిస్తారు. "కన్ను బాగుంది కదా, ఇంకా ఎందుకు" అని సరిగ్గా అక్కడే మానేస్తారు. కన్ను బాగుండడానికి ఆ చుక్క కూడా ఒక కారణం.

3. రోజూ ఉదయం క్యాలెండర్ చూడండి

గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ కన్నా మంచి పరీక్ష లేదు. పెద్ద అంకె, దాని కింద చిన్న అక్షరాల్లో తిథి, నక్షత్రం, వర్జ్యం, అన్నీ ఒకే చోట ఉంటాయి. రోజూ ఒకే వేళకు, అదే చోట నిలబడి, బాగున్న కన్నును అరచేత్తో మూసి మార్పిడి కన్నుతో చూడండి. నిన్న చదవగలిగిన గీత ఇవాళ చదవలేకపోతే అది వార్త. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఈ తేడా అసలు తెలియదు, బాగున్న కన్ను కప్పేస్తుంది. మార్పిడి కన్నులో చూపు పోయి వారమైనా తెలియని వాళ్లను చూశాను.

నాలుగు గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి: ఎరుపు, వెలుతురు పడకపోవడం, చూపు మసకబారడం, నొప్పి. నాలుగూ కలిసి రావాల్సిన పని లేదు. ఒక్కటి వచ్చి, కొన్ని గంటల్లో తగ్గకపోతే అదే రోజు డాక్టరుకు చూపించాలి. రిజెక్షన్ మొదటి రెండేళ్లలో ఎక్కువ. అయితే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు, కాబట్టి "గడువు దాటింది" అనుకునే రోజు రాదు. వెంటనే పట్టుకుంటే గంటగంటకూ వేసే స్టెరాయిడ్ చుక్కలతో చాలావరకు వెనక్కి తిప్పవచ్చు. ఆలస్యమైతే కణాలు పోయాక మందు ఏమీ చేయలేదు.

ఉదయం లేవగానే పొగమంచులా ఉండి మధ్యాహ్నానికి తేటపడుతోందంటే అది వేరే గుర్తు. రాత్రంతా రెప్ప మూసి ఉన్నప్పుడు చేరిన నీటిని లోపలి పొర తోడలేకపోతోందని అర్థం. ఆ సంగతి అత్యవసరం కాకపోయినా వారంలోపు చూపించండి.

4. ఎర్రబడితే ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి

ఇంట్లో పాత స్టెరాయిడ్ సీసా ఉందని మీరే గంటగంటకూ మొదలుపెట్టొద్దు. రిజెక్షన్‌కూ ఇన్ఫెక్షన్‌కూ పైకి కనబడేది ఒకే ఎరుపు, వైద్యం మాత్రం ఎదురెదురు. రిజెక్షన్‌కు స్టెరాయిడ్ పెంచాలి. బూజు ఇన్ఫెక్షన్ ఉన్న కంట్లో స్టెరాయిడ్ వేస్తే కన్నే పోవచ్చు. పొలం పనులు చేసే మన ప్రాంతంలో బూజు పుండ్లు బాగా ఎక్కువ. ఏది ఏదో తేల్చడానికి స్లిట్ ల్యాంప్ కింద, అంటే గడ్డం ఆనించి కూర్చోబెట్టి కంటిని పెద్దదిగా చేసి చూసే మిషను దగ్గర, కన్ను చూడాల్సిందే. ఫోన్లో ఫోటో పంపితే డాక్టరుకు ఒక అంచనా వస్తుంది, అంతే.

కాబట్టి వరుస ఇది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేసి "కార్నియా మార్పిడి చేయించుకున్న పేషెంటు, కన్ను ఎర్రబడింది" అని మొదటి మాటలోనే చెప్పండి. ఊరికే "కన్ను ఎర్రగా ఉంది" అంటే కళ్లకలక అనుకుని వారం తర్వాత తేదీ ఇస్తారు. అదే రోజు అక్కడికి చేరలేకపోతే దగ్గర్లో స్లిట్ ల్యాంప్ ఉన్న కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అనంతపురం, కడప సర్వజన ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. అక్కడి డాక్టరు చూసి మీ సర్జన్‌తో ఫోన్లో మాట్లాడితే వైద్యం ఆ పూటే మొదలవుతుంది. తర్వాత నిదానంగా బస్సెక్కవచ్చు.

ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చే చుక్కలు, ఆకు పసరు, చనుబాలు, ఆముదం, తేనె, వీటిలో ఏదీ ఆ కంట్లో పడకూడదు. పెద్దవాళ్లు ప్రేమతోనే తెస్తారు, కాదనలేక వేయించుకుంటారు. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

5. కుట్లను మరిచిపోకండి

పీకేలో వేసే నైలాన్ కుట్లు వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయి. సాధారణంగా పదహారు దాకా వేస్తారు. కొన్ని నెలల తర్వాత ఒక్కొక్కటిగా తీస్తూ పోతారు, కొన్నిటిని ఏళ్లపాటు వదిలేస్తారు. నైలాన్ కంట్లో కాలం గడిచేకొద్దీ పాడై తెగుతుంది. తెగిన కొస రెప్పకు గీరుకుంటుంది, దాని చుట్టూ పుసి చేరుతుంది, సూక్ష్మజీవులు ఆ దారిన లోపలికి పోతాయి. "కంట్లో నలుసు పడినట్టుంది, ఎంత కడిగినా పోలేదు" అంటే మార్పిడి కంట్లో అది నలుసు కాకపోవచ్చు. వదులైన కుట్టును ఓపీలోనే మొద్దుబారే చుక్కలు వేసి నిమిషాల్లో తీసేస్తారు. తీశాక రాసిన యాంటీబయోటిక్ చుక్కలు పూర్తిగా వాడండి. కుట్టు తీసిన తర్వాతి వారాల్లో రిజెక్షన్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ కాబట్టి క్యాలెండర్ పరీక్షలో ఇంకాస్త శ్రద్ధ పెట్టండి.

6. అద్దాల కోసం తొందరపడొద్దు

కార్నియా తేటగా ఉండడం వేరు, బాగా కనబడడం వేరు. కుట్ల బిగువు వల్ల కార్నియా వంపు ఒక పక్కకు లాగినట్టై చూపు చెదురుతుంది. ఒక్కో కుట్టు తీసినప్పుడల్లా పవర్ మారుతుంది. మొదటి ఏడాది అద్దాలు రాస్తే ఖరీదైన ఫ్రేము కొనకండి, ఎలాగూ మార్చాలి. కుట్లన్నీ తీశాక కూడా అద్దాలతో సరిపోకపోతే గట్టి కాంటాక్ట్ లెన్సులు, కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్సులు ఉన్నాయి. కెరటోకోనస్ వాళ్లకు ఇవి బాగా పనిచేస్తాయి. "ఆపరేషన్ ఫెయిలైంది" అని బాధపడుతూ వచ్చిన కాలేజీ పిల్లవాడు లెన్సు పెట్టగానే కంటి పరీక్ష బోర్డులో చివరి వరుసల దాకా చదివేశాడు. అతనికి కార్నియా మొదటినుంచీ తేటగానే ఉంది.

7. ప్రెజర్ చూపించుకోండి, అడిగి మరీ

స్టెరాయిడ్ చుక్కలు కార్నియాను కాపాడుతూనే కొందరిలో కంటి ప్రెజర్ పెంచుతాయి. అది కంటి నరాన్ని దెబ్బతీస్తే నీటికాసులు అంటారు. నొప్పి ఉండదు, చివరిదాకా తెలియదు. లోపల నరం ఎండిపోతే పైన కార్నియా ఎంత తేటగా ఉన్నా చూపు రాదు, ఇంకో కార్నియా వేసినా రాదు. ప్రెజర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ "ప్రెజర్ ఎంతుంది?" అని అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. మార్పిడి చేసిన కంట్లో కొలత కొంచెం అటూ ఇటూ కావచ్చు కాబట్టి ఒక్క అంకె చూసి కంగారు వద్దు, వరుసగా పెరుగుతోందా అన్నది చూడాలి. అదే స్టెరాయిడ్ వల్ల శుక్లం కూడా తొందరగా వస్తుంది. శుక్లం ఆపరేషన్‌ను క్యాంపులో కాకుండా కార్నియా డాక్టరు ఉన్న చోటే చేయించుకోండి. ప్రతి ఆపరేషన్‌కూ లోపలి పొర కణాలు కొన్ని ఖర్చవుతాయి.

8. దెబ్బ, దుమ్ము, సున్నం

పీకే గాయం పైకి మానినట్టు కనబడినా పూర్వపు బలం ఎప్పటికీ రాదు. పదేళ్ల తర్వాత కూడా మోచేయి తగిలినా, ఆవు కొమ్ము విసిరినా అతుకు దగ్గరే విచ్చుకుంటుంది. కాబట్టి పవర్ లేకపోయినా తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకునే తిరగండి. మొదటి నెలల్లో రాత్రి కంటి మీద ప్లాస్టిక్ షీల్డు ఉండాలి, చంటిపిల్లలు పక్కలో పడుకునే ఇళ్లలో మరీ.

పని విషయంలో మొండిగా ఉండండి. వేరుశనగ కాయలు వలిచే మిషను దగ్గర, కంది నూర్చేచోట, ఆదోని పత్తి మిల్లుల్లో, బేతంచెర్ల బండల పాలిషు దగ్గర దుమ్ము మామూలు అద్దాల పక్కల నుంచి దూరుతుంది. పక్కలు మూసి ఉండే కళ్లజోడు కావాలి. జొన్న ఆకు అంచు కార్నియాను బ్లేడులా కోస్తుంది. ఇంటికి సున్నం వేసే పని ఇంకొకరికి అప్పజెప్పండి. ప్రపంచంలో మొదటిసారి నిలిచిన కార్నియా మార్పిడిని 1905 డిసెంబరులో ఇప్పటి చెక్ దేశంలోని ఓలొమౌత్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు చేశారు. ఆ రోగి సున్నం పడి రెండు కళ్లూ పోగొట్టుకున్న కూలీ. వక్కాకు సున్నం డబ్బీ కూడా పిల్లల చేతికి అందకుండా ఉంచాలి. పడితే వెంటనే నీళ్లతో అరగంట కడుగుతూ ఉండి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి.

పండగల మాట చెబితే కొందరికి కోపం వస్తుంది. దసరాకు దేవరగట్టు కర్రల సమరానికి గానీ, ఉగాదికి కైరుప్పల పిడకల సమరానికి గానీ ఈ కన్నుతో గుంపులోకి పోవద్దు. మొక్కు ఉంటే ఇంట్లో ఇంకొకరు తీరుస్తారు. హోలీ రంగులు, చెరువు ఈతలు కూడా అంతే.

గర్భం వచ్చినా, షుగరు పెరిగినా, టీకా వేయించుకోబోతున్నా, వేరే ఏ ఆపరేషన్ అయినా, కార్నియా డాక్టరుకు ముందుగా ఒక మాట చెప్పండి. కొన్నిసార్లు చుక్కలు కొన్నాళ్లు పెంచుతారు. అక్కి వైరస్ వల్ల కార్నియా పోయి మార్పిడి చేయించుకున్నవాళ్లు వైరస్‌ను అణిచే మాత్రలు చెప్పినన్ని నెలలూ మింగాలి, లేకపోతే కొత్తదాని మీదా అదే వస్తుంది.

9. మళ్లీ తెల్లబడితే

ఇన్ని చేసినా కొన్ని పోతాయి. అది మీ తప్పని అనుకోకండి, ఇంట్లో ఒకరినొకరు నిందించుకోకండి. లోపలి పొర మాత్రమే అలసిపోయి ఉంటే మొత్తం తీయకుండా పాత కార్నియా వెనకే కొత్త పొరను అతికించే వీలుంటుంది. రెండోసారి పీకే అయితే రిజెక్షన్ ముప్పు ఎక్కువ, ముఖ్యంగా కార్నియాలోకి రక్తనాళాలు పాకి ఉంటే. రెండో కన్ను బాగా కనబడుతున్నవాళ్లు కొందరు మళ్లీ చేయించుకోకూడదనే నిర్ణయించుకుంటారు, అదీ సరైనదే కావచ్చు. రెండూ పోయినవాళ్లు ఆలస్యం చేయకూడదు. నిర్ణయించుకుంటే పేరు నమోదు చేయించి, ఫోన్ నంబరు మారితే వెంటనే ఆసుపత్రికి చెప్పండి. దాత కన్ను వచ్చిన రోజు మీ ఫోన్ కలవకపోతే వరుసలో తర్వాతి వాళ్లకు వెళ్లిపోతుంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, మీకు చేయబోయే రకం అందులో వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే అడగండి. చేరాక అడిగితే కాగితాల కోసం మళ్లీ ఊరికి తిరగాల్సి వస్తుంది.